ఏ సెక్షన్ కింద లేపుతున్నారు సార్?

రాత్రి పదకొండు దాటాక నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో గానీ, ఒంగోలు రైల్వేస్టేషను మెట్ల మీద గానీ పడుకున్న మనిషిని లాఠీతో తట్టి లేపేటప్పుడు వినపడేది ఒకటే మాట. "లెయ్, ఇక్కడ పడుకోకూడదు." ఏ చట్టం కూడదంటోందని అడిగేవాళ్లు ఉండరు కాబట్టి చెప్పాల్సిన పనీ పడదు. దుప్పటి చుట్టుకుని ఆ మనిషి ఏదో కొట్టు షట్టరు ముందుకు పోతాడు. ఇంకో గంటకు అక్కడ వాచ్‌మన్ లేపుతాడు. ఈ తతంగంలో కాగితం ముక్క ఎక్కడా పుట్టదు. కేసు లేదు, నోటీసు లేదు, ఫైను రసీదు కూడా లేదు. చిక్కంతా అక్కడే ఉంది. రాతలో ఉన్న చట్టం చాలా ఇరుకు. నోటితో నడిచే చట్టానికి హద్దు లేదు.

ఇల్లు లేకపోవడం నేరమని మన రాష్ట్రంలో ఏ చట్టమూ అనదు. కానీ ఇల్లున్నవాడు తలుపేసుకుని చేసే పనులన్నీ లేనివాడు నలుగురి మధ్య చేసుకోవాలి. పడుకోవడం, స్నానం, వంట, మూట దాచుకోవడం, ఆఖరికి తాగితే తాగడం కూడా. చట్టాలు ఈ పనుల్ని విడివిడిగా పట్టుకుంటాయి. దారికి అడ్డం అని ఒకటి, పబ్లిక్ న్యూసెన్స్ అని ఒకటి, అడుక్కోవడం అని ఒకటి, అనుమానాస్పదం అని ఇంకొకటి. అన్నీ కలిపి చూస్తే ఒకే మనిషి మీద పడుతుంటాయి. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో రాత్రి పడుకున్నవాళ్లను "నిద్ర చేస్తున్నారు" అంటాం. అదే మనిషి మర్నాడు నెల్లూరు బస్టాండులో అలాగే పడుకుంటే న్యూసెన్స్ అవుతాడు.

లేపుతున్నది ఎవరన్నది ముందు చూడాలి. వేసుకున్నది ఖాకీ అయినంత మాత్రాన అందరి అధికారమూ ఒకటి కాదు. టౌన్ పోలీసు చేతిలో నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత, అరెస్టు, బెయిలు పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 1977 నాటి ఆంధ్రప్రదేశ్ భిక్షాటన నిరోధక చట్టం ఉంటాయి. రైల్వేస్టేషను హద్దులోపల రైల్వే రక్షక దళమైన ఆర్‌పీఎఫ్‌ది రైల్వే చట్టం. చెత్త ట్రాక్టరు వెంట వచ్చే కార్పొరేషన్ సిబ్బందిది 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. బస్టాండు గేటు దగ్గర యూనిఫాంలో ఉండే ప్రైవేటు సెక్యూరిటీ గార్డుకు వీటిలో ఏదీ లేదు. స్థలం యజమాని తరఫున బయటికి పొమ్మని చెప్పగలడు, అంతే. ఇలాంటి చిన్న విషయాలకు పట్టుకుని కూర్చోబెట్టడానికి గానీ, సంచి లాక్కోవడానికి గానీ, చెయ్యి చేసుకోవడానికి గానీ అతనికి హక్కు లేదు.

టౌన్ పోలీసులు ఎక్కువగా వాడే రెండు సెక్షన్లు న్యాయ సంహితలోవి. దారికి అడ్డం కలిగించినందుకు 285, జరిమానా 5,000 రూపాయల దాకా. పబ్లిక్ న్యూసెన్స్‌కు 292, జరిమానా 1,000 దాకా. 2024 జులై 1కి ముందు ఐపీసీలో ఈ రెండింటికీ పరిమితి 200 రూపాయలే ఉండేది. పాత కాగితాలు దగ్గర పెట్టుకుని సలహా ఇచ్చేవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. జరిమానా కట్టలేనివాడికి అంకె పెరగడమంటే కట్టనందుకు జైల్లో ఉండే రోజులు దగ్గరపడటమే.

ఇలాంటి పెట్టీ కేసుల్లో అసలు గుంట ఇంకోటి ఉంది. కోర్టు వరండాలో "తప్పు ఒప్పేసుకో, ఫైను కట్టేసి పోవచ్చు" అని ఎవరో ఒకరు చెబుతారు. ఇల్లున్నవాడికి అది మంచి సలహానే, రోజు కూలి మిగులుతుంది. ఇల్లు లేనివాడికి మాత్రం ఒక్కో ఒప్పుకోలు ఒక్కో పాత శిక్షగా రికార్డులోకి చేరుతుంది. ఏడాదిలో నాలుగుసార్లు ఒప్పుకున్నాక ఐదోసారి అతను "అలవాటుగా చేసేవాడు" అనిపించుకుంటాడు. దారికి నిజంగా అడ్డం కలిగిందా, ఎవరికి, ఎన్ని గంటలకు? రాత్రి ఒంటిగంటకు మూసిన షట్టరు ముందు మెట్టు మీద పడుకుంటే ఏ దారికి అడ్డం? ఈ ప్రశ్న మెజిస్ట్రేటు ముందు పడాలంటే ఒప్పుకోకుండా ఉచితంగా దొరికే న్యాయసేవల లాయరును అడగాలి.

అరెస్టు దాకా వస్తే రెండు నిబంధనలు నోటికి వచ్చి ఉండాలి. సురక్షా సంహిత 35వ సెక్షన్‌లోని 7వ ఉపసెక్షన్ ప్రకారం, మూడేళ్ల కంటే తక్కువ శిక్షపడే నేరానికి 60 ఏళ్లు దాటినవాళ్లనూ అనారోగ్యంతో ఉన్నవాళ్లనూ డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చెయ్యకూడదు. బస్టాండ్లలో పడుకునేవాళ్లలో ముసలివాళ్లే ఎందరో ఉంటారు కాబట్టి ఇది బాగా పనికొస్తుంది. చిక్కల్లా వయసు రుజువు. ఆధార్ పోగొట్టుకున్నవాడి మాట ఎవరూ నమ్మరు. అందుకే ఆధార్ నంబరయినా ఇంకొకరి ఫోనులో రాయించి పెట్టుకోవాలి. రెండోది 43వ సెక్షన్‌లోని 5వ ఉపసెక్షన్. పొద్దుగూకాక, తెల్లారేలోపు ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారి ఉండి, రాతపూర్వక నివేదిక ఇచ్చి, మెజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

బెయిలివ్వదగ్గ నేరమే అయినా జామీను ఇచ్చే బంధువు లేక లోపలే ఉండిపోయేవాళ్లు ఉంటారు. సురక్షా సంహిత 478వ సెక్షన్ వివరణలో దీనికి దారి ఉంది. అరెస్టయి వారంలోపు జామీను తేలేకపోతే అతణ్ని నిరుపేదగానే లెక్కగట్టాలి, సొంత పూచీకత్తు మీద వదలాలి. అడిగే లాయరు లేకపోతే ఎనిమిదో రోజు ఎవరికీ గుర్తుండదు.

ఇక బైండోవర్ సంగతి, అంటే మంచి నడవడితో ఉంటానని ముందే బాండు రాయించుకోవడం. దీని గురించి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే దీని వేళ్లు నెల్లూరు జిల్లా నేలలోనే ఉన్నాయి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 109వ సెక్షన్‌కు రెండు కాళ్లు ఉండేవి. దాక్కుని తిరిగేవాడు ఒక కాలు, "కంటికి కనిపించే జీవనాధారం లేనివాడు, తన గురించి సరైన సమాధానం చెప్పుకోలేనివాడు" రెండో కాలు. అంటే పేదరికమే అనుమానానికి ఆధారం. అదే కాలంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలను కావలి సెటిల్మెంటులో పెట్టి హాజరు వేయించారు. దాన్ని నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. ఊరూరా తిరుగుతూ బతకడాన్నే నేర స్వభావమన్నారు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. 1973లో కోడ్ కొత్తగా రాసినప్పుడు 109లో రెండో కాలునూ తీసేశారు. ఇప్పుడు మిగిలింది సురక్షా సంహిత 128వ సెక్షన్. దీనికి రెండు షరతులు, రెండూ కలిసి ఉండాలి. మనిషి తన ఉనికిని దాచుకునే జాగ్రత్తలు తీసుకుంటూ ఉండాలి. పోలీసు నేరుగా కేసు కట్టదగ్గ నేరం చేసే ఉద్దేశంతోనే అలా దాక్కుంటున్నాడని నమ్మడానికి కారణం ఉండాలి.

ట్యూబులైటు కింద, సీసీ కెమెరా ముందు, నూరుమంది ప్రయాణికుల మధ్య పడుకున్నవాడు ఉనికిని దాచుకుంటున్నాడని ఎలా అంటారు? అయినా "రాత్రివేళ అనుమానాస్పదంగా తిరుగుతూ, పొంతన లేని సమాధానాలు చెప్పినందున" అనే వాక్యం చూస్తే 1898 రెండో కాలు ఇంకా నడుస్తోందని తెలుస్తుంది. పొంతన లేని సమాధానం ఇప్పటి సెక్షన్‌లో లేనే లేదు.

బైండోవర్ జరిగేది కోర్టులో కాదు, తహసీల్దారు దగ్గర. ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఆయనే. అందుకే దీన్ని "ఎమ్మార్వో ఆఫీసులో సంతకం" అని తేలిగ్గా తీసుకుంటారు. చట్టం దాన్ని అంత తేలిగ్గా పెట్టలేదు. ముందు 130వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అందిన సమాచారం సారాంశం ఏమిటి, బాండు ఎంత, ఎంతకాలానికి, జామీన్లు ఎందరు అన్నది అందులో కనిపించాలి. తర్వాత విచారణ జరగాలి. ఆరు నెలల్లో తేలకపోతే, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప విచారణ ముగిసినట్టే. బాండు ఏడాది మించకూడదు, మొత్తం ఆ మనిషి స్థితికి మించి ఉండకూడదు. ఈ మెట్లలో ఎక్కువగా ఎగిరిపోయేది మొదటిదే. ఉత్తర్వు నకలు ఇవ్వరు, నేరుగా బాండు మీద వేలిముద్ర తీసుకుంటారు. "130 నోటీసు నకలు ఇవ్వండి" అన్న ఒక్క అర్జీ తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుంటే, పై కోర్టుకు పోయినప్పుడు అదే ముఖ్యమైన కాగితం అవుతుంది.

వేలిముద్రల సంగతి వచ్చింది కాబట్టి ఇదొకటి. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం వేలిముద్రలు తీసుకోమన్నది శిక్ష పడినవాళ్లవి, అరెస్టయినవాళ్లవి, బైండోవర్ ఉత్తర్వు పడినవాళ్లవి, నివారక నిర్బంధంలో ఉన్నవాళ్లవి. బస్టాండులో పడుకుని ఉన్న, అరెస్టు కాని మనిషి వేలు తీసుకుని మిషన్ మీద పెట్టడానికి ఈ చట్టంలో ఆధారం లేదు. ఎరుకల, యానాది వాళ్ల విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. 2024 అక్టోబరు 3న జైళ్లలో కులవివక్ష మీద ఇచ్చిన తీర్పులో, విముక్త జాతుల (ఒకప్పుడు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పెట్టిన జాతుల) వాళ్లను ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా చూడాలని సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. ఈ తేదీ అర్జీలో రాస్తే ఎస్సైగారు రెండోసారి చదువుతారు.

భిక్షాటన చట్టం విషయంలో ఒక తప్పుడు నమ్మకం బాగా తిరుగుతోంది, "అడుక్కోవడం నేరం కాదని కోర్టు కొట్టేసింది కదా" అని. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది బొంబాయి చట్టంలో అడుక్కోవడాన్ని నేరం చేసే సెక్షన్లను, అదీ ఢిల్లీకి వర్తించినంత వరకు. 2019లో జమ్ముకశ్మీర్ హైకోర్టు కొట్టేసింది అక్కడి చట్టాన్ని. మన 1977 చట్టం అమల్లోనే ఉంది. కాబట్టి ఆ తీర్పులు మన దగ్గర వాదనకు బలమే గాని, కవచం కాదు. 2021 జులైలో కోవిడ్ కాలంలో యాచకుల్ని రోడ్ల మీద నుంచి తొలగించమని వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు ఆ పని చెయ్యబోమని చెప్పింది. వేరే దారి లేకనే అడుక్కుంటారన్నది అక్కడి తర్కం. ఇక పడుకోవడం వేరు, అడుక్కోవడం వేరు. చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, హోటల్లో ప్లేట్లు కడిగేవాళ్లు, పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు, బేల్దారి కూలీలు రాత్రి రోడ్డు మీదే పడుకుంటారు. వాళ్లెవరూ యాచకులు కారు. ఆ చట్టం కింద వాళ్లను ఎత్తితే మొదటి ప్రశ్న, ఎవరి దగ్గర, ఎప్పుడు చెయ్యి చాచారన్నది.

రైల్వేస్టేషన్లో వాదించడానికి ఇంత జాగా లేదు. అక్కడ టిక్కెట్టే హక్కు. ప్లాట్‌ఫాం టిక్కెట్టు 10 రూపాయలది రెండు గంటలకే చెల్లుతుంది, దాంతో రాత్రి గడవదు. రైల్వే చట్టం 144 భిక్షాటనకు, లైసెన్సు లేని అమ్మకాలకు సంబంధించింది. 147 అక్రమ ప్రవేశానికి. స్టేషను బయటి ఆవరణ, ఆటోస్టాండు, రోడ్డు ఎవరి హద్దులోకి వస్తాయన్నది ఆ స్టేషను మేనేజరును అడిగి తెలుసుకుంటే మంచిది. రైల్వే హద్దు దాటి రోడ్డు మీద ఉన్నవాణ్ని ఆర్‌పీఎఫ్ లేపితే చెప్పుకోవడానికి అదే ఆధారం. ఇక బెంచీల మధ్య పెడుతున్న ఇనుప కడ్డీల మీద ఏ చట్టమూ పని చెయ్యదు. లాఠీ పని కడ్డీ చేస్తోంది, రాత్రింబవళ్లు, జీతం లేకుండా.

వస్తువులు పోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. లేపితే నిద్ర పోతుంది. మూట పోతే ఆధార్, పింఛను కాగితం, బీపీ మాత్రలు, దుప్పటి ఒకేసారి పోతాయి. మునిసిపల్ చట్టాల్లో రోడ్డు మీది అడ్డు తొలగించే అధికారం ఉంది. నోటీసు లేకుండా కూడా తొలగించొచ్చన్న మాటను 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బిగించింది. నోటీసు ఇవ్వడమే నియమం, ఇవ్వకపోవడం మినహాయింపు అంది. బతుకుతెరువు జీవించే హక్కులో భాగమని కూడా ఆ తీర్పే చెప్పింది. అదే తీర్పు పేవ్‌మెంటు మీద శాశ్వతంగా ఉండే హక్కు ఇవ్వలేదన్నదీ గుర్తుంచుకోవాలి. సగం చదివి వాదిస్తే అవతలి లాయరు మిగతా సగం చదువుతాడు.

దువ్వెనలో, బెలూన్లో, మల్లెపూలో అమ్ముకునేవాళ్లయితే 2014 వీధి వ్యాపారుల చట్టం ఇంకా గట్టిది. సరుకు పట్టుకుంటే అక్కడికక్కడే జాబితా రాసి, సంతకం చేసి ఇవ్వాలి. ఫీజు కట్టి అడిగాక పాడైపోయే సరుకును అదే రోజు, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. జాబితా అడగకపోతే "ఏ సరుకు?" అంటారు. ట్రాక్టరు నంబరు, టైము, వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఎవరన్నది ఫోనులో ఫొటో తీసినా చాలు.

మతిస్థిమితం లేని మనిషి విషయంలో లాకప్ అన్న మాటే రాకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ స్టేషన్ అధికారి మీద బాధ్యత పెట్టింది. రోడ్ల మీద తిరుగుతున్న అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఇల్లు లేనివాడైతే తప్పిపోయిన మనిషి కింద ఎఫ్ఐఆర్ వేసి కుటుంబాన్ని వెతకాలి. జరిగేది తెలిసిందే. జీపెక్కించి ఊరవతల, హైవే మీద దించేస్తారు. పొద్దున్నే ఏ మనిషి కనిపించకుండా పోయాడో, చివరిసారి ఎక్కడ చూశారో టీకొట్టువాళ్లకు తెలుస్తుంది. 100వ సెక్షన్ పేరెత్తి, ఆ వివరాలతో స్టేషన్లో రాతపూర్వకంగా ఇస్తే, తర్వాత తెలియదనడం కష్టం.

కొట్లవాళ్ల బాధా నిజమే. పొద్దున షట్టరు తీసేసరికి మెట్ల మీద కంపు ఉంటే ఎవరికైనా కోపం వస్తుంది. దానికి మందు లాఠీ కాదు, రాత్రిపూట తెరిచి ఉండే మరుగుదొడ్డి, పడుకోవడానికి చోటు. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన లెక్క లక్ష జనాభాకు కనీసం 100 మందికి 24 గంటలూ తెరిచి ఉండే శాశ్వత వసతి, మనిషికి 50 చదరపు అడుగులు, సామాను పెట్టుకునే లాకరు. 2011 లెక్కల్లో నెల్లూరు సుమారు 5 లక్షలు, ఒంగోలు 2 లక్షల పైచిలుకు. అంటే 500 పడకలు, 200 పడకలు. వసతి అనగానే ఢిల్లీ చలికాలం చూసి చలికి దుప్పట్లు పంచే ఆలోచనలే వస్తాయి. మన దగ్గర మనిషి తట్టుకోలేనివి నవంబరు తుపాను రాత్రులు, రోహిణి కార్తె పగళ్లు. పగలు తాళం వేసే షెల్టరు మే నెలలో సగమే షెల్టరు.

ఈ లెక్కను కార్పొరేషన్ నుంచి రాబట్టడానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరి. జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు కట్టలేదు" అని అడిగితే తిప్పికొడతారు, కారణాలు చెప్పడం ఆ చట్టం పని కాదు. రికార్డు అడగాలి. షెల్టర్ల చిరునామాలు, ఒక్కోదాని విస్తీర్ణం, పోయిన పన్నెండు నెలల హాజరు రిజిస్టరు నకలు, వచ్చిన నిధులు, ఖర్చు, నిర్వహణ కమిటీ చివరి సమావేశం మినిట్స్. హాజరు రిజిస్టరులో నెలంతా ఒకే చేతిరాత, ఒకే సిరా కనిపిస్తే మిగతాది అడగక్కర్లేదు. ఆ జవాబు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోవాలి.

న్యాయసేవల లాయరు కోసం 15100కు ఫోను చెయ్యొచ్చు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు నేరుగా పోవచ్చు. ఇక్కడో చిన్న పేచీ. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉన్న "బేగార్" అన్న మాటను యాచకుడని చదివి, అర్జీలో ఆ గడిలో టిక్కు పెట్టేవాళ్లున్నారు. అది వెట్టిచాకిరి. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్లు అన్న గడుల్లో ఏదో ఒకటి సరిపోతుంది. అది రాస్తే అర్జీ వెనక్కి రాదు.

చిరునామా లేదు కాబట్టి ఓటు రాదనుకోవడం కూడా తప్పు. ఓటరు నమోదుకు ఇచ్చే ఫారం 6లో పడుకునే చోటునే చిరునామాగా రాయొచ్చు, ఫలానా సెంటరులో ఫలానా కొట్టు ముందు మెట్లు అని. నివాస రుజువు కాగితం అక్కర్లేదు. బీఎల్‌ఓ (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) రాత్రిపూట, ఒకటికి రెండుసార్లు వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని కళ్లారా చూసుకోవాలి. ఆ వారంలోనే బీటు కానిస్టేబుల్ లేపి పంపేస్తే బీఎల్‌ఓకు మనిషి దొరకడు, దరఖాస్తు తిరస్కరణకు పోతుంది. అందుకే ఫారం ఇచ్చిన రోజే దాని నకలు ఒకటి ఆ ఏరియా పోలీస్ స్టేషన్లో కూడా ఇచ్చి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకుని, లామినేషన్ చేయించి తలకింద సంచిలో పెట్టుకోవాలి.